నెలనెలా డబ్బు రావాలా, నెలనెలా డబ్బు దాచాలా?

ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ ఎపిసోడ్‌లో షేర్లు లేవు, క్రిప్టో లేదు, "మూడేళ్లలో డబుల్" లేదు. పోస్టాఫీసు ఉంది, పాస్‌బుక్ ఉంది, మా నాన్న ఉన్నారు. బోర్ కొడుతుందనుకుంటే ఇప్పుడే పైకి స్క్రోల్ చేసేయండి, నేనేం అనుకోను. కానీ మీ ఇంట్లో ఎవరైనా ఈ ఏడాదో వచ్చే ఏడాదో రిటైర్ అవుతుంటే మాత్రం ఒక్క పదిహేను నిమిషాలు ఆగండి.

నాకు చాలామంది పంపే మెసేజ్ ఏంటంటే, "అన్నా, ఎంఐఎస్ మంచిదా, ఆర్‌డీ మంచిదా? దేంట్లో వడ్డీ ఎక్కువ?" చూడటానికి మామూలు ప్రశ్నే. కానీ ఇది "మేడ మీద ట్యాంకు మంచిదా, కింద కుళాయి మంచిదా" అని అడిగినట్టు ఉంటుంది. ట్యాంకు ఖాళీగా ఉన్నవాడికి కుళాయి ఎందుకు? ట్యాంకు నిండుగా ఉండి, రోజూ నీళ్లు కావాల్సినవాడికి ఇంకో మోటారు ఎందుకు? ఆర్‌డీ అంటే నెలనెలా మీ జేబులోంచి కొంచెం కొంచెం పోసి ట్యాంకు నింపుకోవడం. ఎంఐఎస్ అంటే ఆల్రెడీ నిండిన ట్యాంకుకి కుళాయి బిగించుకోవడం. ఒకటి ఉద్యోగం మొదలుపెట్టినవాళ్లది, ఇంకోటి ఉద్యోగం అయిపోయినవాళ్లది. కాబట్టి వడ్డీ ఎంత అని అడిగే ముందు, నా డబ్బు ఎటు వెళ్లాలి, లోపలికా బయటికా అని అడగండి. ఆ తర్వాత ఇంకో ప్రశ్న ఉంది. మధ్యలో అవసరం వచ్చి పగలగొడితే ఏమవుతుంది? నేను రెండోది అడక్కుండానే సంతకం పెట్టాను. అది కూడా చెప్తా.

ముందు నాన్న సంగతి. నాన్న చిలకలూరిపేట దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో అకౌంట్స్ గుమస్తాగా చేశారు. 2024 ఏప్రిల్‌లో రిటైర్ అయ్యారు. పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ కలిపి చేతికి వచ్చింది 16 లక్షలు. ప్రైవేటు ఉద్యోగం కాబట్టి పెన్షన్ అంటే ఈపీఎస్ కింద వచ్చే 2,300 మాత్రమే. ఇంటి అద్దె, బియ్యం, మందులు, కరెంటు, కేబుల్, అన్నీ కలిపి అమ్మ లెక్క ప్రకారం నెలకు 11 వేలు ఉండాలి. అప్పట్లో హైదరాబాద్‌లో నా జీతం 26 వేలు. హాస్టల్, బస్సు, చెల్లి ఫీజు పోను నేను పంపగలిగింది చాలా తక్కువ.

ఆ 16 లక్షలు బ్యాంకులో పడ్డ రెండు వారాలకే ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. ఎలా తెలుస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒక తెలిసినాయన వచ్చాడు. మంచివాడే, నాన్నతో ఇరవై ఏళ్ల పరిచయం. "బ్యాంకులో ఏం వస్తుంది బావా, నాకివ్వు, రెండు రూపాయల వడ్డీ ఇస్తా" అన్నాడు. నాన్న 2 లక్షలు ఇచ్చారు. ప్రామిసరీ నోటు రాయించుకున్నారు, అదే గొప్ప. ఏడు నెలలు క్రమం తప్పకుండా నెలకు 4 వేలు వచ్చాయి. ఎనిమిదో నెల నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఇంకో నష్టం కూడా జరిగింది, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. ఆ ఏడు ఎనిమిది నెలలు మిగతా 14 లక్షలూ సేవింగ్స్ ఖాతాలో 3 శాతం వడ్డీకి అలాగే పడున్నాయి. "చూద్దాంలే, ఇతను బాగా ఇస్తున్నాడు కదా, ఇంకో రెండు లక్షలు ఇద్దామా" అనే ఆలోచనలో నాన్న ఉన్నారు. దేంట్లోనూ పెట్టకుండా ఆగినందుకే 40 వేల పైన పోయింది. ఈ తప్పులో నాకూ వాటా ఉంది. నేనూ "తర్వాత చూద్దాం నాన్నా" అన్నవాడినే.

ఇక్కడ ఒక భాష సమస్య ఉంది. మనూళ్లలో వడ్డీ అంటే నూటికి నెలకు ఎంత అని. రెండు రూపాయల వడ్డీ అంటే వందకు నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. బ్యాంకు, పోస్టాఫీసు మాత్రం ఏడాది లెక్క చెప్తాయి. "7.4 శాతం" అంటే నాన్నకి ఏమీ అనిపించలేదు. నేను దాన్ని పన్నెండుతో భాగించి "62 పైసల వడ్డీ నాన్నా" అంటే నవ్వారు. "పైసల్లో వడ్డీ ఏంట్రా" అని. అసలు మోసం అక్కడే మొదలవుతుంది. 62 పైసల పక్కన రెండు రూపాయలు పెడితే ఎవరికైనా రెండు రూపాయలే కనిపిస్తాయి. కానీ ఇంకో లెక్క చూడండి. నాన్నకి 28 వేలు తిరిగి వచ్చాయి, 1,72,000 ఇరుక్కుపోయింది. అదే 2 లక్షలు 62 పైసల వడ్డీకి పెడితే నెలకు 1,233 వస్తుంది. ఆ 1,72,000ని అలా మళ్లీ సంపాదించాలంటే పదకొండేళ్ల పైన పడుతుంది. ఇంకొకటి, ఏడాదికి 24 శాతం ఇచ్చి అప్పు తీసుకునే మనిషికి బ్యాంకు ఎందుకు ఇవ్వలేదు అని మనం ఒక్కసారి కూడా అడగలేదు.

సరే. 2025 జనవరి, సంక్రాంతికి ముందు వారం నేను సెలవు పెట్టి ఇంటికెళ్లాను. చేతిలో 14 లక్షలు. నాన్నకి 60 నిండాయి, అమ్మకి 54.

నాన్న పేరు మీద సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్, ఎస్‌సీఎస్‌ఎస్ అంటారు, అందులో 9 లక్షలు పెట్టాం. 60 దాటినవాళ్లకి ఇది. వడ్డీ 8.2 శాతం, అంటే మన ఊరి లెక్కలో 68 పైసలు. ఐదేళ్లు. మొత్తం మీద ఒక మనిషి 30 లక్షల వరకు పెట్టొచ్చు. 2023 ఏప్రిల్‌కి ముందు ఈ పరిమితి 15 లక్షలే ఉండేది. పోస్టాఫీసులో అయినా తెరవొచ్చు, చాలా బ్యాంకుల్లో కూడా ఉంది. లక్ష దాటితే చెక్కు తీసుకెళ్లాలి, ఆధార్, పాన్ ఎలాగూ కావాలి. ఖాతా తెరిచిన రోజు ఏ రేటు ఉందో ఐదేళ్లూ అదే రేటు. ఆర్థిక శాఖ మూడు నెలలకోసారి చిన్న పొదుపు పథకాల రేట్లు ప్రకటిస్తుంది, తగ్గినా పెరిగినా మన పాత ఖాతాకి తేడా రాదు.

ఈ రేట్లు 2024 జనవరి నుంచి మారలేదు. నేను 2025 సెప్టెంబరులో ఇది మాట్లాడుతున్నా. మీరు చూసే టైమ్‌కి మారి ఉండొచ్చు, కాబట్టి ఖాతా తెరిచే ముందు ఇండియా పోస్ట్ సైట్‌లో ఒకసారి చూసుకోండి. ఈలోపు రిజర్వ్ బ్యాంక్ ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో రేటుని 6.5 నుంచి 5.5కి తగ్గించింది. బ్యాంకులు వెంటనే ఎఫ్‌డీ రేట్లు తగ్గించాయి, పోస్టాఫీసు రేట్లు మాత్రం అలాగే ఉన్నాయి. అందుకే ప్రస్తుతానికి పోస్టాఫీసు ముందుంది. ఎప్పుడూ ఇలాగే ఉంటుందని కాదు.

ఎస్‌సీఎస్‌ఎస్‌లో ఒక తిరకాసు ఉంది. వడ్డీ నెలనెలా రాదు, మూడు నెలలకోసారి వస్తుంది. ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి, ఈ నాలుగు నెలల మొదటి వర్కింగ్ డే రోజు. 9 లక్షలకి ఒక్కో విడత 18,450. కాగితం మీద నెలకు 6,150 అని రాసుకున్నాం, బాగుంది. ఏప్రిల్‌లో మొదటి వడ్డీ పడింది. మే నెల సగానికొచ్చేసరికి అమ్మ ఫోన్. "నాన్నా, డబ్బులు అయిపోయాయి." ఏమైందంటే, ఖాతాలో ఒకేసారి అంత కనిపించేసరికి గ్రైండర్ మార్చారు, పెళ్లి చదివింపులు ఇచ్చారు. తప్పేం లేదు. నెల జీతానికి అలవాటుపడ్డ ఇల్లు అది, ముప్పై ఐదేళ్లు ఒకటో తారీఖుకి ఒకటో తారీఖు లెక్కతో నడిచింది. మూడు నెలల డబ్బుని మూడు ముక్కలు చేయడం మనం అనుకున్నంత తేలిక కాదు. ఇప్పుడు ఏం చేశామంటే, ఆ వడ్డీ ఒక ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి ప్రతి నెలా 6,150 మాత్రమే నాన్న వాడే ఖాతాకి దానంతట అదే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చాం. మొదటి ఖాతాకి ఏటీఎం కార్డు నా దగ్గర కూడా లేదు, అమ్మ బీరువాలో ఉంది.

ఇక అమ్మ. 4 లక్షలు అమ్మ పేరు మీద పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో, అదే ఎంఐఎస్‌లో పెట్టాం. వడ్డీ 7.4. నెలకు 2,467 పడుతుంది. దీనికి వయసుతో పని లేదు. ఒక్కరి పేరు మీద 9 లక్షలు, జాయింట్‌గా అయితే 15 లక్షల వరకు పెట్టొచ్చు. కాలం ఐదేళ్లు.

ఇక్కడ మీలో లెక్కలు బాగా వచ్చినవాళ్లు అడుగుతారు. "ఆ 4 లక్షలు కూడా నాన్న ఎస్‌సీఎస్‌ఎస్‌లోనే వేస్తే 8.2 వచ్చేది కదా?" నిజమే. నెలకు 267 రూపాయలు ఎక్కువ వచ్చేది. నేనూ అదే చెప్పాను. అమ్మ ఏమందంటే, "నా పేరు మీద ఇప్పటిదాకా ఒక్క పాస్‌బుక్ కూడా లేదురా." అంతే, నేను కాలిక్యులేటర్ మూసేశాను. ఆ 2,467 తొమ్మిదో తారీఖున అమ్మ ఖాతాలో పడుతుంది. తొమ్మిదో తారీఖే ఎందుకంటే, ఎంఐఎస్‌లో ఖాతా తెరిచిన తేదీ నుంచి నెల నిండగానే వడ్డీ ఇస్తారు. మేం తెరిచింది జనవరి 9న. ఇంటి ఓనర్ పదో తారీఖున వస్తాడు. మీరు ఖాతా తెరిచేటప్పుడు తేదీ చూసుకోండి, ఇలాంటి చిన్నవి ఎవరూ చెప్పరు. ఇంకో చిన్నది. ఆ నెలవారీ వడ్డీ తీసుకోకుండా ఎంఐఎస్‌లోనే వదిలేస్తే దాని మీద మళ్లీ వడ్డీ రాదు. సేవింగ్స్ ఖాతాకి లింక్ చేయించుకోవడం మర్చిపోవద్దు.

మొత్తం కలిపితే 6,150, 2,467, పెన్షన్ 2,300. నెలకు 10,917. అమ్మ అడిగిన 11 వేలకి 83 రూపాయలు తక్కువ. అది నేను పంపిస్తానని చెప్పా, అమ్మ నవ్వింది.

మిగిలింది లక్ష. దాన్ని మామూలు బ్యాంక్ ఎఫ్‌డీలో వేశాం, ఫోన్‌లో నొక్కితే ఆ రోజే పగిలేలా. ఎందుకంటే మిగతా రెండూ పగలగొడితే నొప్పి. ఎంఐఎస్ మొదటి ఏడాది అసలు తీయనివ్వరు. ఏడాది నుంచి మూడేళ్ల లోపు మూస్తే అసలులో 2 శాతం కోస్తారు, మా 4 లక్షలకి అది 8 వేలు. మూడేళ్లు దాటితే 1 శాతం. ఎస్‌సీఎస్‌ఎస్ ఏడాది లోపు మూస్తే ఇచ్చిన వడ్డీ కూడా వెనక్కి పట్టుకుంటారు. ఏడాది దాటాక రెండేళ్ల లోపు అయితే ఒకటిన్నర శాతం, రెండేళ్లు దాటితే 1 శాతం. రాత్రి పన్నెండింటికి ఎవరికైనా గుండెల్లో నొప్పి వస్తే పోస్టాఫీసు తెరిచి ఉండదు కదా. మీ అమ్మానాన్నలకి ఏ స్కీమ్ తీసుకున్నా కొంత ఇలా విడిగా ఉంచకపోతే, ఆ స్కీమ్ తీసుకున్నట్టు కాదు, ఇరుక్కున్నట్టు.

భద్రత సంగతి చాలామంది అడుగుతారు. పోస్టాఫీసులో పెట్టినదానికి కేంద్ర ప్రభుత్వం హామీ ఉంది. బ్యాంకుల్లో డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంటుంది, డీఐసీజీసీ ద్వారా, ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు వడ్డీ కలిపి 5 లక్షల వరకు. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. అదే బ్యాంకులో నాలుగు బ్రాంచిల్లో పెట్టినా అన్నీ కలిపే లెక్క. కానీ పేరులో "సొసైటీ" అనో, "పరపతి సంఘం" అనో ఉన్న చోట్ల ఈ బీమా ఉండదు. బోర్డు బ్యాంకులాగే ఉంటుంది, కౌంటర్ కూడా అలాగే ఉంటుంది. అడిగి చూసుకోండి.

బ్యాంకు అంటే గుర్తొచ్చింది. ఆ లక్ష ఎఫ్‌డీ కోసం నాన్నతో ఒక బ్యాంకుకి వెళ్లాం. పేరు వద్దులెండి. కౌంటర్‌లో అబ్బాయి చాలా మర్యాదగా కూర్చోబెట్టి, "సార్, ఎఫ్‌డీ కన్నా మంచిది ఉంది, ఎఫ్‌డీ లాంటిదే, ప్లస్ బీమా కూడా" అన్నాడు. ఫారం నింపేశాడు కూడా. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఇది ఎన్నేళ్లు కట్టాలి?" "ఐదేళ్లు సార్, ఏటా లక్ష." రిటైరైన మనిషికి ఏటా లక్ష కట్టే పాలసీ! ఎఫ్‌డీ అయితే ఒక్కసారే డబ్బు వేస్తాం. మళ్లీ కట్టమన్నారంటే అది ఎఫ్‌డీ కాదు. మీ ఇంట్లో ఆల్రెడీ ఇలా జరిగిపోయి ఉంటే, పాలసీ కాగితాలు చేతికొచ్చిన 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు, దాన్ని ఫ్రీ లుక్ అంటారు. చిన్నచిన్న ఖర్చులు పట్టుకుని మిగతాది ఇస్తారు. ముందు కాగితాల మీద తేదీ చూడండి.

ఇప్పుడు రెండో వైపు. ట్యాంకు నింపేవాళ్లు, అంటే నేనూ మీరూ.

నేను 2023 నవంబరులో పోస్టాఫీసు ఆర్‌డీ మొదలుపెట్టాను, నెలకు 5 వేలు. వడ్డీ 6.7, మూడు నెలలకోసారి అసలులో కలుస్తుంది. 60 నెలలు కడితే మనం వేసింది 3 లక్షలు, వచ్చేది 3,56,829. వందతో కూడా మొదలుపెట్టొచ్చు, పై పరిమితి లేదు. బాగుంది కదా. నాకూ బాగానే అనిపించింది. ఫారం వెనకాల ఏముందో చదవలేదు.

2025 మేలో చెల్లి ఇంజనీరింగ్ ఫీజు 60 వేలు కట్టాల్సి వచ్చింది. నా ఆర్‌డీలో 95 వేలు ఉన్నాయి. హాయిగా పోస్టాఫీసుకి వెళ్లి "క్లోజ్ చేయండి" అన్నా. కౌంటర్‌లో మేడమ్ పాస్‌బుక్ చూసి, "మూడేళ్లు నిండాలి బాబూ" అన్నారు. 2026 నవంబరు దాకా నా డబ్బు నాకు ఇవ్వరు. ఆవిడ తప్పేం లేదు, రూల్ అది. మూడేళ్లు నిండాక మూసినా సేవింగ్స్ ఖాతా రేటే ఇస్తారు, అంటే 4 శాతం. ఐదేళ్లకి ఒక్క రోజు ముందు మూసినా అంతే! 59 నెలలు బుద్ధిగా కట్టి చివర్లో ఆగలేకపోయినవాడికి వడ్డీ దాదాపు సగానికి పడిపోతుంది. ఇది మాత్రం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది, రూల్ అయితే అయింది.

ఆవిడే ఒక దారి చెప్పారు. పన్నెండు నెలలు కట్టి ఉంటే, ఖాతాలో ఉన్నదాంట్లో సగం వరకు లోన్ ఇస్తారు. ఆర్‌డీ వడ్డీ మీద 2 శాతం ఎక్కువ, అంటే 8.7. నేను 45 వేలు తీసుకున్నా, 15 వేలు రూమ్‌మేట్ ఇచ్చాడు. ఆరు నెలల్లో తీర్చేస్తే వడ్డీ 2 వేల లోపే. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల వైపు వెళ్లకుండా ఆ కౌంటర్ నన్ను కాపాడింది. ఇది నాకు ముందే తెలిసి ఉంటే ఆ రోజు మధ్యాహ్నం అంత భయపడేవాడిని కాదు.

ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టమంటే నేనేం చేస్తానో చెప్తా. 5 వేల ఆర్‌డీ ఒకటి తెరవను. వెయ్యి రూపాయల ఆర్‌డీలు ఐదు తెరుస్తా. పోస్టాఫీసులో ఎన్నైనా తెరవొచ్చు. వచ్చే వడ్డీ అంతే, పైసా తేడా లేదు. కానీ మూడేళ్లు దాటాక అవసరం వస్తే ఒకటో రెండో మూస్తాం, మిగతావి 6.7 మీద అలాగే నడుస్తాయి. ఒక నెల చేతిలో డబ్బు లేకపోతే ఐదులో మూడు కట్టి రెండు ఆపొచ్చు. ఆపితే ఫైన్ వందకి రూపాయి. నాలుగు నెలలకి మించి వరసగా ఆపేస్తే ఖాతా ఆగిపోతుంది, తర్వాత రెండు నెలల్లోపు బతికించుకోవాలి, అది గుర్తుపెట్టుకోండి.

తేదీ విషయం ఒకటి. నెలలో 15 లోపు తెరిస్తే ప్రతి నెలా 15 లోపు కట్టాలి. 16 తర్వాత తెరిస్తే నెలాఖరు వరకు టైమ్ ఉంటుంది. మీకు జీతం ఒకటో తారీఖున వస్తే మొదటి వారంలో తెరవండి, డబ్బు చేతిలో ఉన్నప్పుడే వెళ్లిపోతుంది. జీతం పదిహేను దాటాక వచ్చేవాళ్లు తర్వాత తెరవండి. కట్టడానికి లైన్‌లో నిలబడక్కర్లేదు, ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ ఖాతా ఉంటే దాని యాప్ నుంచే ఆర్‌డీ కట్టొచ్చు.

అయితే అందరికీ పోస్టాఫీసు ఆర్‌డీయేనా? కాదు. ఏడాదిలో బండి కొనాలి, పద్దెనిమిది నెలల్లో పెళ్లి ఉంది, అలాంటప్పుడు ఐదేళ్ల ఆర్‌డీ మీకు పనికిరాదు. బ్యాంక్ ఆర్‌డీ తీసుకోండి. ఆరు నెలల నుంచి పదేళ్ల దాకా ఎంత కాలం కావాలో మీరే పెట్టుకోవచ్చు. మధ్యలో మూసినా సాధారణంగా అరశాతమో ఒక శాతమో తగ్గించి ఇచ్చేస్తారు. పెద్ద బ్యాంకుల్లో ఇప్పుడు రేటు 6కీ 7కీ మధ్య తిరుగుతోంది. పోస్టాఫీసు కన్నా పావు శాతం తక్కువ వచ్చినా, చిన్న కాలానికి ఆ తేడా ఎంతని? నెలకు 2 వేలు ఏడాది పాటు కట్టే ఆర్‌డీలో పావు శాతం అంటే ఒక ఛాయ్ బిస్కెట్ ఖర్చు. దాని కోసం ఐదేళ్ల తాళం వేసుకోకండి.

"మరి చిట్టీ?" అంటారా. మన ఇళ్లలో నెలవారీ పొదుపు అంటే చిట్టీయే, మా అమ్మ కూడా ఇప్పటికీ వేస్తుంది. రిజిస్టర్డ్ చిట్‌లకి 1982 నాటి చట్టం ఉంది, నిర్వాహకుడి కమీషన్ 7 శాతం దాటకూడదు. కానీ చిట్టీలో ఇంత వడ్డీ అని ముందే చెప్పలేం, ఎప్పుడు పాడుకున్నారు, ఎంతకి పాడుకున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అవసరానికి ముందే డబ్బు తీసుకోగలగడం దాని బలం. రిస్క్ లేని పొదుపు అనే గాటన మాత్రం దాన్ని కట్టను. ఇంటి పక్కన కాగితం లేకుండా నడిచే చిట్టీ అయితే అసలే కట్టను.

ఇప్పుడు రీల్స్‌లో బాగా తిరుగుతున్న ట్రిక్ ఒకటి ఉంది, దాని మీద కొంచెం సేపు ఆగుదాం. "ఎంఐఎస్‌లో 9 లక్షలు వేయండి, నెలకు వచ్చే 5,550ని ఆర్‌డీలో తోయండి, వడ్డీ మీద వడ్డీ, పోస్టాఫీసు సీక్రెట్!" అని. సీక్రెట్ ఏం కాదు, ఏజెంట్లు ఎప్పటి నుంచో చెప్తున్నదే. లెక్క వేద్దాం. 5,550 చొప్పున ఐదేళ్లు ఆర్‌డీ కడితే దాదాపు 3,96,000 వస్తుంది. అసలు 9 లక్షలు కలిపితే 12,96,000. బాగానే ఉంది. ఇప్పుడు అదే పోస్టాఫీసులో, పక్క కౌంటర్‌లో ఎన్‌ఎస్‌సీ, నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్ ఉంది. 7.7 శాతం, ఏటా అసలులో కలుస్తుంది. 9 లక్షలు వేసి ఐదేళ్లు మర్చిపోతే 13,04,000 చిల్లర. ట్రిక్ కన్నా 8 వేలు ఎక్కువ, అరవై సార్లు ఆర్‌డీ కట్టారా లేదా అని చూసుకునే పని లేదు.

అంటే నెలనెలా డబ్బు వద్దనుకున్నప్పుడు కుళాయి బిగించుకుని, ఆ కారే నీళ్లు బకెట్‌తో పట్టి మళ్లీ ఇంకో ట్యాంకులో పోయడమే ఆ ట్రిక్. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఎన్‌ఎస్‌సీ ఐదేళ్లు పూర్తిగా తాళం, మనిషి చనిపోతేనో కోర్టు చెప్తేనో తప్ప ముందు తీయలేం. ఎంఐఎస్‌ని 2 శాతమో 1 శాతమో పోగొట్టుకుని అయినా తీయొచ్చు, ఆ నెల ఆర్‌డీ మానేసి వడ్డీ ఖర్చు పెట్టుకోవచ్చు. మీకు ఆ వెసులుబాటు కావాలంటే 8 వేలు దానికి ధర అనుకోండి. ట్రిక్ తప్పు కాదు, దాన్ని ఎక్కువ లాభం అని అమ్మడమే తప్పు.

ట్యాక్స్ మీద ఎక్కువ సేపు మాట్లాడను. ఎంఐఎస్, ఆర్‌డీ, ఎఫ్‌డీ, ఎస్‌సీఎస్‌ఎస్ వడ్డీలన్నీ మీ ఆదాయంలో కలుస్తాయి. మా నాన్నలాంటివాళ్లకి మొత్తం ఆదాయం ఏడాదికి లక్షా పాతిక లక్షా ముప్పై వేలు, ట్యాక్స్ పడే ప్రశ్నే లేదు. 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు వడ్డీ ఏడాదికి 50 వేలు దాటితే, సీనియర్లకైతే లక్ష దాటితే టీడీఎస్ పట్టుకుంటారు. ట్యాక్స్ కట్టక్కర్లేనివాళ్లు ఆ మాట చెప్పే డిక్లరేషన్ ఫారం ముందే ఇచ్చేస్తే పట్టుకోరు. వడ్డీ మీద ట్యాక్సే లేనివి పీపీఎఫ్, సుకన్య సమృద్ధి. పీపీఎఫ్ 7.1, పదిహేనేళ్లు. సుకన్య 8.2, పదేళ్ల లోపు ఆడపిల్ల ఉన్నవాళ్లకి. ఆ రెండిటికీ వేరే ఎపిసోడ్ చేస్తా, ఒక నిమిషంలో తేలే సంగతి కాదు.

నేను దాచకుండా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అమ్మకి వచ్చే 2,467 ఐదేళ్ల తర్వాత కూడా 2,467 రూపాయలే. బియ్యం బస్తా అప్పటికి ఇదే రేటుకి ఉండదు, అద్దె కూడా పెరుగుతుంది. ఈ స్కీములు అసలుని కాపాడతాయి, అసలు కొనగలిగే బియ్యాన్ని కాపాడవు. మా ఇంట్లో ఆ తేడా పూడ్చాల్సింది నా ఆర్‌డీ, నా జీతం. అందుకే ఫీజు లోన్ తీరగానే వెయ్యి రూపాయల ఆర్‌డీ ఇంకోటి మొదలుపెడుతున్నా, అది అమ్మానాన్నల 2030 కోసం. ఎంఐఎస్ అయిపోయాక, అమ్మకి కూడా 60 నిండగానే తన పేరు మీదే ఎస్‌సీఎస్‌ఎస్ తెరవొచ్చు. ఈ మాట చెప్తే అమ్మ క్యాలెండర్ వెనకాల పెన్నుతో రాసిపెట్టుకుంది.

అక్టోబరు ఒకటిన నాన్న ఖాతాలో మళ్లీ 18,450 పడుతుంది. ఆ రెండు రూపాయల వడ్డీ ఆయన మొన్న బజార్లో కనిపించి, దసరా వెళ్లాక ఎంతో కొంత ఇస్తానన్నాడట. నాన్న నమ్మారు. అమ్మ మాత్రం ప్రామిసరీ నోటు తీసి, రాసిన తేదీ చూసి, మూడేళ్లు ఎప్పటికి నిండుతాయో లెక్కపెట్టి, మళ్లీ బీరువాలో పెట్టింది. మూడేళ్లు దాటితే ఆ నోటు కోర్టులో చెల్లదని ఆవిడకి ఎవరో చెప్పారు, అది నిజమే. మీ ఇంట్లో కూడా అలాంటి నోట్లు ఉంటే ఈ రోజే తేదీలు చూసి పెట్టుకోండి. ఉంటాను మరి, వచ్చే వారం పీపీఎఫ్‌తో కలుద్దాం.